ఫిష్‌మీల్‌లో ఎముక కూడ సరుకే: తాబేళ్ళ మేత చెప్పే ఖనిజాల లెక్క

ఫిష్‌మీల్ బేరంలో కొనేవారు మొదట అడిగేది మాంసకృత్తులు ఎంత శాతం అని. 65 శాతం సరుకుకు ఒక ధర, 60 శాతం సరుకుకు మరొక ధర. బూడిద శాతం హెచ్చుగా ఉంటే ధరలో కోత పడుతుంది. కోళ్ళ దాణాలోను, చేపల మేతలోను ఈ పద్ధతి చాలకాలంగా నడుస్తున్నది. అయితే అదే బూడిద హెచ్చుగా ఉన్న సరుకుకు అదనపు ధర ఇచ్చి కొనే పరిశ్రమ ఒకటి తూర్పు ఆసియాలో ఉన్నది. అది తాబేళ్ళ పెంపకం.

బూడిద అంటే ఇసుక కాదు. మంచి ఫిష్‌మీల్‌లో బూడిద అంటే చాలవరకు చేప ఎముక. ఎముక అంటే కాల్షియం, భాస్వరం. తాబేలు శరీరంలో డిప్ప పెద్ద భాగం గనుక దాని మేతలో ఈ రెండు ఖనిజాలు మరే పెంపుడు జంతువు మేతలోను లేనంతగా ఉండాలి. ఫిష్‌మీల్ ధర పెరిగినపుడల్లా దాని బదులు సోయా పిండి వాడి ఖర్చు తగ్గించుకోవాలని మేత తయారీదారులు చూస్తారు. మాంసకృత్తుల లెక్క కుదురుతుంది, ఎముక లెక్క కుదరదు. ఆ లోటును డీసీపీ, సున్నపురాయి పొడి రూపంలో విడిగా కొనవలసి వస్తుంది. అందుచేత ఫిష్‌మీల్, సోయా పిండి, డీసీపీ మూడు ధరలను కలిపి చూడనివారు లెక్క తప్పుతారని ఈ పరిశ్రమ అనుభవం చెబుతున్నది.

పరిశ్రమ పూర్వాపరాలు

ఆహారం కోసం పెంచే తాబేళ్ళలో ముఖ్యమైనది చైనా మెత్తడిప్ప తాబేలు. దీని వీపు మీద గట్టి పెంకులకు బదులు తోలు వంటి పొర ఉంటుంది. పేరులో మెత్తదనం ఉన్నా ఆ తోలు కింద ఎముక పలకలు ఉన్నవి. అందుచేత దీనికి ఖనిజాల అవసరం తక్కువని అనుకోవడం పొరపాటు.

ఈ పెంపకం వ్యాపార స్థాయిలో మొదట నిలదొక్కుకున్నది జపానులో. టోక్యో నగరంలోని ఫుకగావా ప్రాంతంలో హత్తోరి కుటుంబం 19వ శతాబ్దం రెండవ సగంలో దీనిని ప్రారంభించింది. టోక్యో విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞుడు మిత్సుకురి 1904 ప్రాంతంలో ఈ క్షేత్రాన్ని వర్ణించాడు. అక్కడ తాబేళ్ళకు వేసే ముఖ్యమైన మేత సముద్రపు ఆల్చిప్పలు. వాటిని బరువైన తిరగలి రాయి కింద నలిపి, లోపలి మాంసంతోపాటు పగిలిన చిప్పను కూడ వేసేవారు. దానికి తోడు ఎండు చేప తుక్కు, పట్టుపురుగుల ప్యూపాలు, ఉడికించిన గోధుమలు ఉండేవి. ఖనిజ పోషణ శాస్త్రం ఇంకా రూపు దిద్దుకోని ఆ రోజులలో చిప్పతో సహా నలిపి వేయడం వల్ల కాల్షియం లెక్క దానంతట అదే సరిపోయింది.

చైనాలో ఈ వ్యాపారం ఒక్కసారిగా విజృంభించింది 1990 దశకంలో. 1993లో చైనా మహిళా పరుగు క్రీడాకారులు ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టినపుడు, వారి శిక్షకుడు మా జున్‌రెన్ తాబేలు రక్తపు పథ్యాన్ని కూడ ఒక కారణంగా చెప్పాడు. దానితో గిరాకీ విపరీతంగా పెరిగినది. జెజియాంగ్ రాష్ట్రంలో వేడి నీటి షెడ్లు వేల సంఖ్యలో లేచినవి. దశకం చివరికి సరుకు పోటెత్తి ధర పడిపోయినది. పెంపకందారులు మేత ఖర్చు లెక్కించడం అప్పటి నుంచి అత్యవసరమైనది.

ఇటీవలి సంవత్సరాలలో చైనా ఉత్పత్తి ఏటా 3 లక్షల టన్నులకు పైగా ఉంటున్నది. 2020 ఫిబ్రవరిలో అడవి జంతువుల మాంసంపై ఆ దేశం నిషేధం విధించినపుడు ఈ వ్యాపారం కూడ ఆగిపోతుందనే భయం కలిగినది. మెత్తడిప్ప తాబేలు జలచరాల కిందికి వస్తుందని వ్యవసాయ శాఖ తరువాతి నెలలో స్పష్టం చేయడంతో ఆ భయం తొలగినది.

కోడి లెక్క, తాబేలు లెక్క

తణుకు, అనపర్తి కోళ్ళ దాణా వర్తకులకు గుడ్లు పెట్టే కోడి లెక్క బాగా తెలుసు. దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉండాలి. అందుకోసమే షెల్ గ్రిట్, రాతి పొడి లారీల కొద్దీ అమ్ముడవుతున్నవి. కాని కోడికి భాస్వరం అర శాతం, కాస్త పైన ఉంటే చాలు.

తాబేలు పిల్లల మేతపై తైవాన్ పరిశోధకులు చేసిన ప్రయోగాలలో ఎదుగుదల బాగా కనిపించినది కాల్షియం 5.7 శాతం, భాస్వరం 3 శాతం దరిదాపులలో ఉన్నపుడు. అంటే కాల్షియం కోడి దాణాలో కంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు, భాస్వరం అయిదు రెట్లు. గుడ్డు పెంకులో ఉన్నది ముఖ్యంగా సున్నం మాత్రమే గనుక కోడికి రాతి పొడి సరిపోతున్నది. డిప్ప ఎముక గనుక తాబేలుకు సున్నంతో పాటు భాస్వరం కూడ కావాలి. ఈ రెండింటిలో ఖరీదైనది భాస్వరమే.

చేపతో పోల్చినా తేడా పెద్దదే. చేప తనకు కావలసిన కాల్షియంలో చాల భాగం మొప్పల ద్వారా నీటి నుంచే తీసుకుంటుంది. మేతలో భాస్వరం ఒక శాతం లోపు ఉన్నా పెంపుడు చేపలకు సరిపోతుంది. తాబేలుకు మొప్పలు లేవు. డిప్పకు కావలసిన ఎముక సరుకు ముఖ్యంగా నోటి ద్వారానే పోవాలి.

ఇవి తక్కువైతే ఎదుగుదల మందగిస్తుంది, ఎముక పెళుసుబారుతుంది, డిప్ప వంకర పోతుంది. తాబేళ్ళను ప్రాణంతోనే అమ్ముతారు గనుక వంకర డిప్ప సరుకుకు బజారులో ధర రాదు. ఎండ తగలని షెడ్లలో పెంచినపుడు డి3 విటమిన్ కూడ మేతలోనే కలపాలి. అది లేకపోతే కాల్షియం ఎంత వేసినా ఒంటికి పట్టదు.

బస్తాలో చోటు చాలదు

ఒక టన్ను తాబేలు మేతను ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. పైన చెప్పిన ప్రకారం అందులో 57 కిలోల కాల్షియం, 30 కిలోల భాస్వరం ఉండాలి.

పెరూ ఆంచోవీ రకం ఎర్ర ఫిష్‌మీల్‌లో కాల్షియం సుమారు 4 శాతం, భాస్వరం సుమారు 2.5 శాతం ఉంటాయి. టన్నులో 600 కిలోలు ఇదే వాడితే 24 కిలోల కాల్షియం, 15 కిలోల భాస్వరం వచ్చినట్లు. మిగిలిన 15 కిలోల భాస్వరానికి 18 శాతం డీసీపీ 83 కిలోలు కావాలి. దానితో మరో 19 కిలోల కాల్షియం వస్తుంది. ఇంకా తక్కువ పడే 14 కిలోలకు సున్నపురాయి పొడి 37 కిలోలు చాలు. మొత్తం 720 కిలోలు. మిగిలిన 280 కిలోలలో గంజిపొడి, చేప నూనె, ఈస్టు, విటమిన్లు ఇముడుతాయి. ముద్ద నీటిలో విడిపోకుండా పట్టి ఉంచే గంజిపొడి, అంటే బంగాళాదుంప లేదా కర్రపెండలం పిండిని ఉడికించి ఆరబెట్టిన సరుకు, ఈ మేతకు తప్పనిసరి. దానికే 200 కిలోలకు పైగా చోటు వదలాలి.

ఇపుడు ఫిష్‌మీల్ ధర పెరిగినదని దానిని 300 కిలోలకు తగ్గించినట్లు అనుకుందాం. పోయిన 195 కిలోల మాంసకృత్తులకు 46 శాతం సోయా పిండి 424 కిలోలు పట్టుతుంది. సోయా పిండిలో కాల్షియం నామమాత్రం. భాస్వరం 0.65 శాతం ఉన్నా అందులో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేటు రూపంలో బిగిసి ఉంటుంది. అది జీర్ణం కాదు. ఒంటికి పట్టే భాస్వరం ఫిష్‌మీల్, సోయా రెండింటి నుంచి కలిపి 8 కిలోల చిల్లర మాత్రమే. లోటు పూడ్చడానికి డీసీపీ 120 కిలోలు, సున్నపురాయి పొడి 42 కిలోలు కావాలి.

మొత్తం కూడితే 886 కిలోలు. మిగిలినది 114 కిలోలు. గంజిపొడికే చోటు లేదు.

ఆంచోవీ సరుకుకు, సోయాకు మధ్య ధర తేడా చూసి సగానికి సగం మార్చివేయాలనుకునే మేత కంపెనీకి ఎదురయ్యే అసలు అడ్డంకి ఇదే. చోటు కోసం ఖనిజాలు తగ్గిస్తే డిప్ప చెడుతుంది. గంజి తగ్గిస్తే మేత నీటిలో కలిసిపోతుంది. మాంసకృత్తులు తగ్గిస్తే తాబేలు ఎదగదు. ఫైటేజ్ ఎంజైమ్ కలిపితే సోయాలో బిగిసిన భాస్వరం కొంత విడుదలవుతుంది. కాని లోటు ముందు అది చిన్న మొత్తం. కావున ఈ పరిశ్రమలో ఫిష్‌మీల్ కొనుగోళ్ళు ధర పెరిగినంత వేగంగా తగ్గవు.

1972-73లో ఎల్‌నినో వచ్చి పెరూ ఆంచోవీ పట్టుబడి కూలిపోయినపుడు ప్రపంచ దాణా పరిశ్రమ సోయా మీద పడినది. 1970లో కోటి 20 లక్షల టన్నులు దాటిన పట్టుబడి 1973లో 20 లక్షల టన్నులకు కిందికి వచ్చినది. సోయా ధర ఎంత పెరిగినదంటే 1973 జూన్‌లో అమెరికా తన ఎగుమతులను నిలుపు చేసినది. 2023లో మళ్ళీ ఎల్‌నినో రావడంతో పెరూ ప్రభుత్వం ఉత్తర, మధ్య తీరంలో మొదటి వేట సీజనును రద్దు చేసినది. ఆ ఏడాది ఫిష్‌మీల్ ధర ఆకాశాన్ని అంటినది. కోళ్ళు, పందుల దాణా తయారీదారులు పక్కకు తప్పుకోగలిగినారు. ఈల్ చేపలు, తాబేళ్ళ మేత తయారీదారులకు అంత వెసులుబాటు లేదు.

తెల్ల రకానికి అదనపు ధర ఎందుకు

ఫిష్‌మీల్‌లో తెల్ల రకం ఒకటి ఉన్నది. అమెరికా అలాస్కా తీరంలోను, రష్యా తూర్పు తీరంలోను పట్టే పొలాక్ చేప ఫిల్లెట్లు తీసిన తరువాత మిగిలే తల, వెన్నెముకలతో దీనిని తయారుచేస్తారు. ఎముక పాలు ఎక్కువ గనుక కాల్షియం 7.5 శాతం, భాస్వరం 3.8 శాతం వరకు ఉంటాయి.

ఒక టన్ను తెల్ల రకంలో 38 కిలోల భాస్వరం ఉన్నదంటే అందులో 211 కిలోల డీసీపీకి సమానమైన భాస్వరం దాగి ఉన్నట్లు లెక్క. ఎర్ర రకంలో దాగి ఉన్నది 139 కిలోలు. రెండింటి తేడా టన్నుకు 72 కిలోల డీసీపీ. రెండు రకాల ధరలలో తేడా ఎంతవరకు సబబో తేల్చడానికి మొదట ఈ 72 కిలోల ఖరీదును, తరువాత బస్తాలో కలిసివచ్చే చోటును లెక్కవేయాలి. పై ఉదాహరణలో 600 కిలోల తెల్ల రకం వాడితే డీసీపీ 40 కిలోలు, సున్నపురాయి పొడి 7 కిలోల చిల్లర సరిపోతాయి. ఎర్ర రకంతో పోల్చితే టన్నుకు 70 కిలోలకు పైగా చోటు మిగులుతుంది. తాజాతనం, ముద్ద సాగే గుణం కూడ తెల్ల రకం ధరకు కారణాలే.

అయితే బూడిద శాతం హెచ్చుగా ఉన్న ప్రతి సరుకు తెల్ల రకం కాదు. ఒడ్డున ఇసుకలో ఆరబెట్టిన చేప నుంచి తీసిన పొడిలో కూడ బూడిద హెచ్చుగానే ఉంటుంది. ఆమ్లంలో కరగని బూడిద ఎంత అని లేబరేటరీ నివేదికలో విడిగా చూడాలి. కరిగేది ఎముక, కరగనిది ఇసుక.

చిటికెడు ఖనిజాలు

జింక్, రాగి, ఇనుము కావలసినది గ్రాములలోనే. తైవాన్ ప్రయోగాల ప్రకారం కిలో మేతకు జింక్ 35 నుంచి 46 మిల్లీగ్రాములు, రాగి 4, 5 మిల్లీగ్రాములు, ఇనుము 120 మిల్లీగ్రాములకు పైన ఉండాలి. రాగి మొత్తం మైలుతుత్తం ద్వారానే ఇవ్వవలసి వచ్చినా టన్ను మేతకు 20 గ్రాములు మించదు. జింక్ మొత్తాన్ని 21 శాతం జింక్ సల్ఫేట్ ద్వారా ఇస్తే 200 గ్రాముల దరిదాపు. ఇనుము చాలవరకు ఫిష్‌మీల్‌లోనే వస్తుంది. తక్కువైతే అన్నభేది వాడతారు.

డబ్బు పరంగా ఇవి పెద్ద పద్దులు కావు. అయితే సోయా పాలు పెంచినపుడు అందులోని ఫైటేటు జింక్‌ను పట్టి ఉంచుతుంది. కాల్షియం హెచ్చుగా ఉంటే ఈ బిగింపు మరింత గట్టిపడుతుంది. తాబేలు మేతలో కాల్షియం ఎలాగూ హెచ్చే గనుక సోయా కలిపే కంపెనీలు జింక్‌ను కనీస అవసరం కంటె పైన వేయక తప్పదు. ఎరువుల రకం సల్ఫేట్లలో సీసం, కాడ్మియం ఉండే ప్రమాదం ఉన్నది. ధర తక్కువని వాటిని మేతకు మళ్ళించడం తగదు.

అతి కూడ నష్టమే

ఒంటికి పట్టని భాస్వరం చెరువులోకి పోతుంది. నీరు పచ్చబడి, నాచు పెరిగి, బయటి కాలువలను చెడగొడుతుంది. జెజియాంగ్ రాష్ట్ర ప్రభుత్వం 2013 చివరిలో నీటి వనరుల శుద్ధి కార్యక్రమం చేపట్టిన తరువాత వేడి షెడ్లను పెద్ద ఎత్తున తొలగించినది. బాయిలర్ల పొగ, షెడ్ల నుంచి వదిలే మురుగు నీరు అందుకు చెప్పిన కారణాలు. భాస్వరం తక్కువైతే సరుకు పోతుంది, ఎక్కువైతే అనుమతి పోతుంది అనే పరిస్థితి వచ్చిన తరువాత మేతలో మొత్తం భాస్వరం ఎంత అని కాక, జీర్ణమయ్యేది ఎంత అని చూడడం అవసరమైనది.

డీసీపీ బజారు

డీసీపీకి మూలం రాక్ ఫాస్ఫేట్. ప్రపంచ నిల్వలలో సుమారు 70 శాతం మొరాకో ఆధీనంలో ఉన్నట్లు అంచనా. ఈ రాతికి ఎరువుల పరిశ్రమే పెద్ద కొనుగోలుదారు. ఇటీవల బ్యాటరీల తయారీ కూడ ఫాస్ఫారిక్ ఆమ్లానికి పోటీ పడుతున్నది. చైనా 2021 అక్టోబరులో ఎరువుల ఎగుమతులపై తనిఖీ నిబంధనలు బిగించినపుడు భాస్వరం సరుకులు బిగుసుకున్నవి. డీఏపీ బజారు వేడెక్కితే డీసీపీ ఊరుకోదు. ఫిష్‌మీల్ ప్రియమై, అదే సమయంలో భాస్వరం కూడ ప్రియమైతే సోయా వైపు మళ్ళడంలో వచ్చే ఆదా చాలవరకు హరించిపోతుంది.

ధర పెరిగినపుడు కల్తీ కూడ పెరుగుతుంది. డీసీపీలో సున్నపురాయి పొడి కలిపితే కాల్షియం పరీక్షలో తేడా కనిపించదు, పైగా శాతం పెరుగుతుంది. భాస్వరం పరీక్షలోనే బండారం బయటపడుతుంది. గోదాములో తొలి చూపుకు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క చాలు. సున్నపురాయి బుసబుస పొంగుతుంది, శుద్ధమైన డీసీపీ పొంగదు. ఫ్లోరిన్ పూర్తిగా తొలగించని సరుకు ఎముకలకే చేటు గనుక ఆ అంకె కూడ నివేదికలో చూడాలి.

మన వర్తకులకు

తాబేలు వ్యాపారానికి మన దేశంలో తావు లేదు. గంగా మెత్తడిప్ప తాబేలు, చెరువులలో కనిపించే చిన్న మెత్తడిప్ప తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నవి. పట్టడం, అమ్మడం, తరలించడం జైలు శిక్షకు దారితీసే నేరాలు. తాబేలు మేత ఇక్కడి వర్తకులకు పనికివచ్చేది ఖనిజాల లెక్క నేర్చుకోవడానికే.

కొల్లేరు చుట్టుపక్కల పెంచే కట్ల, రోహు చేపలకు ఆమ్లం ఊరే జీర్ణాశయం లేదు. ఎముక భాస్వరం వాటికి సరిగా జీర్ణం కాదు. తాబేలు మేతలో అదనపు ధర పలికే బూడిద ఇక్కడ నిరుపయోగం. వాటి మేతలో నీటిలో కరిగే ఎంసీపీ భాస్వరం మెరుగ్గా పనిచేస్తుంది. రొయ్యకు కూడ అంతే. ఎంసీపీలో భాస్వరం సుమారు 22 శాతం, డీసీపీలో 18 శాతం. రెండింటినీ కిలో ధరతో కాక, ఒంటికి పట్టే భాస్వరం ధరతో పోల్చాలి.

2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చిన తరువాత పశ్చిమ గోదావరి, కృష్ణా ప్రాంతాలలో ఉప్పదనం తక్కువైన నీటిలో కూడ సాగు విస్తరించినది. ఆ నీటిలో పొటాషియం, మెగ్నీషియం తక్కువ. సముద్రపు నీటిలో సోడియం 28 పాళ్ళకు పొటాషియం ఒక పాలు, కాల్షియం ఒక పాలుకు మెగ్నీషియం మూడు పాళ్ళు ఉంటాయి. ఆ నిష్పత్తికి దగ్గరగా తేవడానికి రైతులు మ్యూరేట్ ఆఫ్ పొటాష్, మెగ్నీషియం లవణాలు చెరువులో వేస్తున్నారు. భీమవరం, కైకలూరు బజార్లలో మినరల్ బస్తాలు అమ్మే వర్తకులు బస్తా బరువు కాక, లోపల ఏ ఖనిజం ఎంత శాతమో చెప్పి అమ్మితే రైతుకు, తమకు కూడ మేలు.

సోయా ధర ఎటు తిరిగినా ఈ లెక్క మారదు. 2021 ఆగస్టులో సోయా గింజ క్వింటాలు 10,000 రూపాయలు దాటినపుడు కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతించినది. అపుడు కూడ బజారు దృష్టి అంతా మాంసకృత్తుల మీదనే ఉన్నది.

ఇక ముందు వర్తకులు కనిపెట్టి ఉండవలసిన అంశాలు మూడు. పెరూ ప్రభుత్వం ఏటా రెండుసార్లు, ఏప్రిల్, నవంబరు ప్రాంతాలలో ప్రకటించే వేట కోటా. చైనా భాస్వరం ఎగుమతి విధానం. అక్టోబరు నుంచి మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో మొదలయ్యే సోయా రాకలు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని వార్త వచ్చినా మిగిలిన రెండింటి ధర కూడ విచారించిన తరువాతే బేరం ఖాయం చేసుకోవడం క్షేమం.